కిటికీ ఎదుటి బండి

హేవర్డ్ బంగేకి పక్షవాతం వచ్చిన ఏడాది మా గ్యానెట్ కోవ్ ఊరంతా అతని భార్య ట్రిఫీని మెచ్చుకుంది. ఆ మెప్పులో నిజమెంతో ఇద్దరికే తెలుసు. ఒకరు హేవర్డ్, అతనికి మాట లేదు. రెండోవాడు పక్కింటి లియాండర్ స్నూక్, అతనికి మాటుంది కానీ పెదవి విప్పలేదు. ఆ ఇద్దరూ కన్నుమూశాక, కొండమీద ఎర్ర బెర్రీలు ఏరుతూ ట్రిఫీయే నాకు చెప్పింది. గొంతు తగ్గించలేదు, కళ్ళు తుడుచుకోలేదు. బుట్ట నిండేదాకా చెబుతూనే ఉంది.

హేవర్డ్‌కి తన మోటార్‌సైకిలంటే ప్రాణం. నల్ల ట్యాంకు, అద్దంలా మెరిసే సైలెన్సర్లు, పొడుగాటి తోలు సీటు. ఆ సీటు మీద ట్రిఫీ పెళ్ళైన వేసవిలో కూర్చుంది, ఆ తర్వాత కూర్చోలేదు. వాళ్ళ ఇల్లు సముద్రానికి ఎదురుగా, రాతి మీద ఉండేది. బండికి మొదట్లో ఒక షెడ్డు ఉండేది. ఒక తుపానుకి అది పైకప్పుతో సహా లేచి నీళ్ళలోకి పోయింది. "వచ్చే వేసవికి కొత్తది లేపుతా" అన్నాడు హేవర్డ్. ప్రతి వేసవీ అదే మాట. చేపల ఫ్యాక్టరీలో మేస్త్రీ పని, శనివారం క్లబ్బు, మిగిలిన పొద్దంతా బండి మీద షికారు. షెడ్డు లేవలేదు. దాంతో చలికాలమంతా బండి ఆరుబయటే, వంటింటి కిటికీ ఎదుట.

మా న్యూఫౌండ్‌లాండ్ చలి పొడిగా ఉండదు. ఇవాళ మంచు పడుతుంది, రేపు కరుగుతుంది, ఎల్లుండి మళ్ళీ గడ్డకడుతుంది. మధ్యలో సముద్రం మీంచి ఉప్పు జల్లు. ఇనుమన్నది ఏదైనా బయట వదిలేస్తే వసంతానికి చేతిలో పొడిగా రాలుతుంది. అందుకని అక్టోబరు రాగానే బండికి చాకిరీ మొదలయ్యేది. చాకిరీ ట్రిఫీది. హేవర్డ్ టీ కప్పు పట్టుకుని మెట్ల మీద నిలబడి వేలు చూపించేవాడు.

"ఒసేయ్, ట్యాంకు మూతి దాకా నింపమన్నానా లేదా? ఖాళీ ఎక్కడుంటే అక్కడే తుప్పు. ఆ ఖాళీ నీ బుర్రలో ఉంచుకో, నా ట్యాంకులో కాదు."

ఆమె పాత ఆయిల్ దించి కొత్తది పోసేది. ప్లగ్గులు విప్పి లోపల చెంచాడు నూనె వేసి మళ్ళీ బిగించేది. గిన్నెలు తోమే ఇనుప పీచు సైలెన్సర్ల నోట్లో కుక్కేది, చిట్టెలుకలు దూరకుండా. చైనుకి గ్రీజు, మెరుపు భాగాలకి మైనం. చక్రాలు గడ్డకట్టిన నేల మీద ఆనకుండా కింద చెక్కపలకలు. బ్యాటరీ విప్పి ఇంట్లోకి మోసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టేది. అక్కడ అంతకుముందు ఆమె పూలకుండీలు ఉండేవి. అవి గడపవతలికి పోయి చచ్చిపోయేవి. చివరికి బండి మీద ఉన్ని దుప్పటి, దానిపైన కాన్వాస్ గుడ్డ, దాని చుట్టూ తాళ్ళు.

"ప్లాస్టిక్ కప్పితే లోపల చెమట పడుతుందే మొద్దూ. గుడ్డ గాలి పీలుస్తుంది. మనిషికంటే జాగ్రత్తగా చూడాలి దాన్ని. నువ్వు తుమ్మితే ఎవడికి నష్టం?"

మంచు పడ్డప్పుడల్లా మెత్తటి చీపురుతో ఊడవాలి. ఎండ కాసిన రోజు గుడ్డ అంచులెత్తి గాలి తగలనివ్వాలి. గాలివాన వస్తే తాళ్ళు చూసుకోవాలి. ఇరవై ఏళ్ళకు పైగా ట్రిఫీ అది చేసింది. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, "ట్రిఫీకి ఇద్దరు మొగుళ్ళు, ఒకడు తాగుతాడు, ఇంకొకడు పెట్రోల్ తాగుతాడు" అని. ఆమె కూడా నవ్వేది.

పెళ్ళైన కొత్తలో ఒక ఫిబ్రవరి సాయంత్రం గాలివాన లేచింది. ట్రిఫీకి అప్పుడు ఐదో నెల. కాన్వాస్ ఒక మూల ఊడి టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. హేవర్డ్ పొయ్యి పక్కన సాక్సులతో కూర్చున్నాడు.

"వెళ్ళి కట్టు" అన్నాడు.

"నడుం వంగట్లేదు, హేవర్డ్. కాస్త నువ్వెళ్ళకూడదూ?"

"కడుపొస్తే చేతులు పడిపోతాయా? మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని గుర్రపుబండి నిండా కట్టెలు దించింది. వెళ్ళు."

వెళ్ళింది. తాడు పట్టుకుంది. గాలి గుడ్డని తెరచాపలా లేపింది, దాంతోపాటు ఆమెనీ లాగి మెట్ల మీద పడేసింది. మంచు గడ్డ మీద పక్కకి దొర్లింది. లేవలేకపోయింది. అయినా తాడు వదల్లేదు. పాకుతూ వెళ్ళి ముడేసింది. లోపలికి వచ్చేసరికి లంగా తడిసి ఉంది. అది మంచుతో తడిసింది కాదు.

హేవర్డ్ తలెత్తి, "గట్టిగా కట్టావా?" అని అడిగాడు.

రోడ్డు మూసుకుపోయి నర్సు రాలేకపోయింది. బిడ్డ పోయింది. ఆ తర్వాత ట్రిఫీకి కడుపు పండలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అక్టోబరు రాగానే మళ్ళీ ట్యాంకు నింపడం, ప్లగ్గులు విప్పడం, దుప్పటి కప్పడం.

హేవర్డ్ పడిపోయింది ఒక ఆగస్టులో, ఫ్యాక్టరీ గుమ్మంలో. కుడికాలు, కుడిచెయ్యి చచ్చుపడ్డాయి. మాట పోయింది, ఒక్కటి తప్ప. ఏమడిగినా "సరే" అనేవాడు. కోపమొచ్చినా సరే, ఏడుపొచ్చినా సరే, సూది గుచ్చినా సరే. జీవితంలో ఎవరి మాటకీ సరే అని ఎరగని మనిషి.

పట్నం ఆసుపత్రిలో మాట నేర్పించే డాక్టరమ్మ ట్రిఫీని పక్కకి పిలిచి చెప్పింది. "అది జవాబనుకోకండమ్మా. అవుననీ కాదు, కాదనీ కాదు. నాలిక మీద మిగిలిపోయిన మాట, అంతే. లోపల మాత్రం ఆయనకి అన్నీ అర్థమవుతాయి. ఇది మీ ఇరుగుపొరుగుకి కూడా చెప్పండి, లేకపోతే పాపం ఆయన నరకం పడతాడు."

"చెప్తానండి" అంది ట్రిఫీ. ఊరికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. అప్పటికి మనసులో ఏమీ పెట్టుకుని కాదట. ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు, అంతే అంది నాతో.

చక్రాల కుర్చీని వంటింటి కిటికీ దగ్గర పెట్టారు. అక్టోబరు వచ్చింది. ఒక ఉదయం గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. ట్రిఫీ వసారాలోంచి దుప్పటి, కాన్వాస్, తాళ్ళు తీసి భుజాన వేసుకుంది. నిజంగా కప్పుదామనే బయల్దేరింది. చేతులకి అలవాటైపోయిన పని. తలుపు దగ్గరకి వెళ్ళేసరికి వెనక చిటికె వినిపించింది. హేవర్డ్ ఎడమచెయ్యెత్తి, బండి వైపు వేలు చూపించి, మళ్ళీ చిటికేశాడు. త్వరగా, అన్నట్టు.

ఆమె కాసేపు నిలబడి ఆ వేలు చూసింది. తర్వాత బయటికి వెళ్ళింది.

కిటికీలోంచి హేవర్డ్ చూస్తున్నాడు. ఆమె బండిని దాటి వెళ్ళి కాన్వాస్ తన కట్టెల మోపు మీద పరిచింది. అతను నేర్పిన ముళ్ళే వేసి తాళ్ళు బిగించింది. వెనక్కి వచ్చి చక్రాల కింద పలకలు ఒక్కొక్కటే లాగేసింది. బండిని తిప్పి, ముందు లైటు కిటికీలోకి చూసేలా నిలబెట్టింది. ట్యాంకు మూత తీసి చూసింది. అడుగున కాస్త ఉంది. మూత పెట్టేసింది. బ్యాటరీ జోలికి పోలేదు. ఇంట్లోకి వచ్చి చేతులు కడుక్కుని టీ పెట్టింది.

"సరే, సరే, సరే" అంటున్నాడు హేవర్డ్. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"ఇక్కణ్ణించి బాగా కనిపిస్తుంది కదూ?" అంది ట్రిఫీ, కప్పు అతని పెదాలకి ఆనిస్తూ.

ఆ వారం చివర్లో లియాండర్ వచ్చాడు. వయసులో హేవర్డ్‌కంటే పెద్దవాడు, ఒంటరివాడు. ఒకప్పుడు హేవర్డ్‌తో బండెక్కి తిరిగినవాడే.

"ట్రిఫీ పిల్లా, బండి అలా బోడిగా వదిలేశావేంటి? నా షెడ్డులో చోటుంది. ఇవాళే తోసుకుపోతా."

"వద్దులే లియాండర్. దాన్ని చూసుకుంటూ కూర్చుంటాడు పాపం. కప్పేస్తే ఏం చూస్తాడు? మంచు పడితే నేను తుడుస్తాలే."

"తుప్పు తినేస్తుందే!"

"తింటే తిననీ. మళ్ళీ ఎక్కేవాడా ఏమన్నా? కళ్ళారా చూసుకోనీ. కావాలంటే ఆయన్నే అడుగు."

లియాండర్ కుర్చీ దగ్గర వంగాడు. "ఏరా హేవర్డ్, బండి ఇలాగే ఉంచమంటావా? నీకు కనిపించేలా?"

హేవర్డ్ కళ్ళు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊపబోతే మెడ ఓ పక్కకి వాలిపోయింది. "సరే" అన్నాడు. "సరే, సరే, సరే!" చెంపల మీంచి నీళ్ళు కారాయి.

"ఏడవకురా పిచ్చోడా" అన్నాడు లియాండర్, తన కళ్ళు కూడా తుడుచుకుంటూ. "నీ పెళ్ళాం బంగారంరా. ఇలాంటి మనసు ఎవరికుంటుంది?"

ఈ మాట ఊరంతా పాకింది. చర్చిలో ఆడవాళ్ళు ట్రిఫీ చెయ్యి పట్టుకుని నొక్కారు.

నవంబరులో ఉప్పుజల్లు మొదలైంది. ట్రిఫీ రోజూ మధ్యాహ్నం కుర్చీ పక్కన కూర్చుని బఠానీ సూప్ తినిపిస్తూ కబుర్లు చెప్పేది. గొంతు ఎంతో మెత్తగా ఉండేది. కిటికీ అవతల దారిలో పోయేవాళ్ళకి ఆ దృశ్యం ముచ్చటగా ఉండేది.

"చైను చూశావా? ఎర్రబడింది. గ్రీజు పెట్టలేదుగా మరి. నోరు తెరు. ట్యాంకు లోపల కూడా పట్టే ఉంటుంది, ఖాళీగా వదిలేశాను కదా. ఖాళీ ఎక్కడుంటే అక్కడే అనేవాడివి. నిన్న ఒక ఎలక సైలెన్సర్‌లోకి దూరింది. గూడు పెట్టుకుంటుందేమో, పిల్లల్తల్లి. ఇంకో ముద్ద."

అతను నోరు బిగించేవాడు. ఆమె ఓపిగ్గా ఎదురుచూసేది. ఆకలి వేసి చివరికి తెరిచేవాడు.

క్రిస్మస్‌కి తోలు సీటు చిట్లింది. లోపలి పీచు ఉబ్బి బయటికొచ్చి, తడిసి, గడ్డకట్టింది. జనవరిలో గాలికి బండి స్టాండు మీంచి ఒరిగి పడిపోయింది. అద్దం ఒకటి విరిగింది. ట్రిఫీ దాన్ని లేపలేదు. రెండు రోజులు అలాగే ఉంచి, మూడో రోజు లియాండర్‌ని పిలిచి తడి మంచులోంచి లేపించింది. మళ్ళీ కిటికీకి ఎదురుగానే నిలబెట్టింది. కనిపించకపోతే లాభమేంటి?

నాతో చెబుతున్నప్పుడు ఇక్కడ ఆగి, "చాలా బాగుండేది" అంది. "పొద్దున లేవగానే కిటికీ దగ్గరకెళ్ళి ఎంత పాడైందో చూసేదాన్ని. ఆ చలికాలం నాకసలు చలే వెయ్యలేదు."

ఫిబ్రవరిలో ఒక రోజు బాగా ఎండ కాసింది. ట్రిఫీ సరుకులకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి బండి మీద నీలం కాన్వాస్ ఉంది. లియాండర్ కప్పి, తాళ్ళు కట్టి వెళ్ళాడు. కిటికీలో హేవర్డ్ ముఖం చూసింది. నెలల తర్వాత ఆ ముఖంలో ఒక నిమ్మళం కనిపించింది. ఆమె సంచి కింద పెట్టి, ముళ్ళు విప్పి, గుడ్డ నాలుగు మడతలు వేసి, లియాండర్ గుమ్మంలోకి పోయింది.

"ఇదిగో నీ గుడ్డ."

లియాండర్ తీసుకోలేదు. "ట్రిఫీ, నిన్న నువ్వు కోళ్ళకి మేత వేస్తున్నప్పుడు వాడి దగ్గర కూర్చున్నా. మీ ఇంట్లో పిల్లి ఉందా అన్నా, సరే అన్నాడు. నీకు రెండు తలకాయలున్నాయా అన్నా, సరే అన్నాడు. ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకుని బండి వైపు లాగాడు. వాడు ఉంచమనట్లేదు. నీకది తెలుసు."

"తెలుసు."

"తెలిసే చేస్తున్నావా? మంచంలో పడున్న మనిషినా? ఎంత చెడ్డవాడైనా..."

"ఎంత చెడ్డవాడో నీకు తెలుసా లియాండర్?"

ఆమె వేలెత్తి అతని కిటికీ చూపించింది.

"ఆ గాలివాన సాయంత్రం నీ కిటికీలో దీపం వెలుగుతోంది. నువ్వు పైపు కాలుస్తూ నిలబడి ఉన్నావు. నేను మెట్ల మీంచి పడటం చూశావు. పాకడం చూశావు. నా కడుపు నీకు తెలుసు, పిల్లాడికి ఉయ్యాల చెక్కిస్తానన్నావు కూడా. మరి కోటు వేసుకుని ఎందుకు రాలేదు?"

"అది... మొగుడూ పెళ్ళాల మధ్య..."

"అదేగా నేనూ అంటున్నది. మొగుడూ పెళ్ళాల మధ్య. నువ్వు నీ పైపు కాల్చుకో."

గుడ్డ అతని గడప మీద పెట్టి వచ్చేసింది. లియాండర్ మళ్ళీ కప్పడానికి రాలేదు. హేవర్డ్‌ని చూడటానికి రావడం కూడా తగ్గించాడు.

మంచు కరిగే వేళకి బండి బండిలా లేదు. ట్యాంకు మీద నల్లరంగు పొరలు పొరలుగా లేచిపోయి కింద ఎర్రటి పుండ్లు. మెరుపు గొట్టాల మీద పొక్కులు. చక్రాలు గాలి దిగి నేలకి అతుక్కుపోయాయి. ఇక ఏ మెకానిక్కూ దాన్ని లేపలేడు.

ఇంటికొచ్చి హేవర్డ్‌కి స్నానం చేయించే పిల్ల ఒకతె ఉండేది, బ్రైడ్ హెనెబరీ అని. ఒక ఏప్రిల్ ఉదయం అతనికి గడ్డం గీస్తూ అంది.

"ట్రిఫీ అత్తా, నువ్వు ఆ బండిని కిటికీ ముందు ఉంచడం ఎంత మంచిదైందో! మావయ్యని పక్కగదిలోకి తీసుకెళ్తే గిలగిల్లాడిపోతాడు. ఇక్కడ పెట్టానా, బుద్ధిగా కూర్చుంటాడు. తుప్పు పట్టిందో, మెరుస్తోందో, ఆయనకేం? చూడు, చెయ్యెలా ఆడిస్తున్నాడో!"

ట్రిఫీ చూసింది. హేవర్డ్ కళ్ళు బండి మీద ఉన్నాయి. కుర్చీ చేతి మీద అతని ఎడమచెయ్యి మెల్లగా మూసుకుంటోంది, మెల్లగా తెరుచుకుంటోంది. బ్రైడ్‌కి అర్థం కాలేదు కానీ ట్రిఫీకి అర్థమైంది. క్లచ్ నొక్కుతున్నాడు. వదులుతున్నాడు. మళ్ళీ నొక్కుతున్నాడు. పెదాల కొసలో చిన్న నవ్వుంది. తీరం రోడ్డు మీద మలుపు తీసుకునేటప్పుడు అలాగే నవ్వేవాడు.

ఆ రోజంతా ఆమె గమనించింది. మర్నాడు కూడా. ఎప్పటినుంచి ఇలా ఉన్నాడో తెలియదు. తను పాడైన భాగాల లెక్క చెబుతూ సూప్ పోస్తుంటే, అతను ఏ రోజు నుంచి వినడం మానేసి ఆ ఇనుపముక్క ఎక్కి తిరగడం మొదలెట్టాడో. చలికాలమంతా తన చేత్తో తనే అతనికి బండి ఎదురుగా పెట్టి షికారుకి పంపింది.

"అప్పుడు చలేసింది నాకు" అంది ట్రిఫీ. "ఎముకల్లోకి."

పాత ఇనుము కొనే లారీ నెలకోసారి మా తీరం వెంట వచ్చేది. ఆమె దాన్ని ఆపించింది. కానీ లారీ రోడ్డు మీద ఉంది, బండి రాతి మీద అతుక్కుపోయి ఉంది. లారీవాడు ఒక్కడే. ట్రిఫీ లియాండర్ తలుపు కొట్టింది.

"తాడు తీసుకుని రా. ఒక చెయ్యి వెయ్యాలి."

అతను సంగతి గ్రహించాడు. "నా వల్ల కాదు, ట్రిఫీ."

"అప్పుడూ నీ వల్ల కాలేదు."

లియాండర్ బూట్లు తొడుక్కున్నాడు.

ముగ్గురూ కలిసి బండిని పడగొట్టి, మంచు మీద బరువులు లాగే చెక్క స్లెడ్జి మీదకి దొర్లించి, తాడు కట్టి లాగడం మొదలెట్టారు. తుప్పు పొడి రాళ్ళ మీద ఎర్రగా రాలింది. కిటికీ లోపల హేవర్డ్ ముందుకి వంగాడు. ఎడమచేత్తో అద్దం మీద కొట్టాడు. అతని ఒక్క మాటా అద్దం అవతల నోరు తెరవడంలా కనిపించింది తప్ప వినిపించలేదు. లియాండర్ తాడు వదిలేసి నిలబడిపోయాడు.

"వాడు చూస్తున్నాడు."

"చూడనీ. లాగు."

"ట్రిఫీ, దేవుడు..."

"లాగు, లియాండర్."

లాగాడు. లారీవాడు వెనక తలుపు మూసి, చేతులు దులుపుకుని, చర్చి మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. లియాండర్ ఇంటికి పోయి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత అతను బంగే వాళ్ళ గుమ్మం తొక్కలేదు.

హేవర్డ్ మూడు రోజులు ఏమీ తినలేదు. ఇంక పోతాడని బ్రైడ్ అంది. ట్రిఫీ కూడా అనుకుంది. బీరువాలోంచి చావుకి వేసుకునే నల్లగౌను తీసి గాలికి ఆరేసింది. నాలుగో రోజు అతను నోరు తెరిచాడు. ఉడికించిన కాడ్ చేప, బంగాళాదుంపలు మొత్తం తిన్నాడు. తినిపిస్తున్నంతసేపూ ఆమె ముఖంలోకి చూశాడు.

అప్పటినుంచి అతను కిటికీలోకి చూడటం మానేశాడు. చూడటానికి అక్కడ రాయి, సముద్రం తప్ప ఏమీ లేవు. ఇంట్లో కదిలేది ట్రిఫీ ఒక్కతే. ఆమె పొయ్యి దగ్గరికి పోతే కళ్ళు పొయ్యి దగ్గరికి, తలుపు దగ్గరికి పోతే తలుపు దగ్గరికి. ఆ కళ్ళలో కోపం లేదంది. వేడుకోవడం కూడా లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో ఉండి, ఆమెని చూడటం అదే మొదటిసారన్నట్టు చూసేవాడట. ఆమె కుర్చీని గోడవైపు తిప్పింది. అతను మెడ తిప్పుకున్నాడు. ఆ మెడలో అంత బలముందని డాక్టర్లకే తెలియదు. పక్కగదిలో పెట్టి తలుపేసింది. బ్రైడ్ వచ్చి, "ఇదేంటత్తా, చీకట్లో కూర్చోబెట్టావు?" అని మళ్ళీ వంటింట్లోకి తోసుకొచ్చింది.

బయటికి పోదామంటే అతన్ని ఒక్కణ్ణీ వదిలిపెట్టి ఎంతసేపని పోతుంది? ఎక్కడికని పోతుంది? ఊళ్ళో అందరికీ ఆమె మంచి భార్య.

పక్షవాతం వచ్చినవాళ్ళు ఎక్కువకాలం ఉండరంటారు. హేవర్డ్ ఇంకా తొమ్మిదేళ్ళున్నాడు. ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, వేళకి తింటూ, ఆమెని చూస్తూ.

"నిద్రలో కూడానా?" అని అడిగాను నేను.

ట్రిఫీ బుట్టలోంచి ఒక ఆకు ఏరి పారేసింది. "అతను నిద్రపోతున్నాడో లేదో చూడటానికి నేను అటు తిరిగితే కదా తెలిసేది" అంది.